డిస్క్ బ్రేక్ రోడ్ బైక్ 9.6 కిలోలు ఉంది, బరువు ఎక్కడ తగ్గించాలి?

ఎక్కుడుదారి
నాది అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, షిమానో 105 హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 11 స్పీడ్ (వెనక 11 గేర్లు). వీల్స్, టైర్లు, సీటు అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే. పెడల్స్‌తో కలిపి 9.6 కిలోలు తూగింది. మా గ్రూపులో ఒకాయన పాత రిమ్ బ్రేక్ (చక్రం అంచునే పట్టే బ్రేకు) బైక్ 8 కిలోల లోపే ఉంది. చదునులో ఇద్దరం పక్కపక్కనే ఉంటాం, ఎక్కుడు మొదలైతే చాలు ఆయన వీపు తప్ప నాకేమీ కనపడదు. ఫ్రేమ్ నాకు బాగా సరిపోయింది కాబట్టి బైక్ మార్చను. ఒక కిలో తగ్గించాలని ఉంది. రోటర్లు (బ్రేకు పట్టే లోహపు పళ్లేలు) 160 మిల్లీమీటర్ల నుంచి 140కి మార్చడం, బోల్టులన్నీ టైటానియం వేయడం, కార్బన్ సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం), ఈ మూడూ అనుకున్నాను. ఇంకా నిండా చిల్లులతో చాలా తేలికైన రోటర్లు ఆన్‌లైన్‌లో కనపడుతున్నాయి, వాటి సంగతి ఎవరికైనా తెలుసా?

చైన్‌లూబ్
9.6లో బాటిల్ కేజ్‌లు, సీటు కింద సంచి, లైట్లు ఉన్నాయా? అవి తీసేసి తూచావా?

ఎక్కుడుదారి
కేజ్‌లు ఉన్నాయి, సంచి లేదు.

గ్రాములరాజు
నువ్వు రాసిన మూడూ కలిపినా 200 గ్రాములు దాటవు. అందులో సగం సీట్‌పోస్ట్ ఒక్కటే ఇస్తుంది. బరువంతా కింద, చక్రాల్లో ఉంది. ఈ ధరల బైకులకు కంపెనీ వేసే అల్యూమినియం డిస్క్ వీల్‌సెట్ రోటర్లు లేకుండానే 1900 నుంచి 2100 గ్రాములు ఉంటుంది. ఓ మాదిరి కార్బన్ వీల్‌సెట్ 1400-1500 మధ్య దొరుకుతుంది. అంటే ఒక్క దెబ్బకు అర కిలో.

తర్వాత టైర్లు. అంచులో స్టీల్ వైరు ఉన్న టైరు 28 మిల్లీమీటర్ల సైజులో 350 గ్రాములు తేలిగ్గా దాటుతుంది. కాంటినెంటల్ జీపీ 5000 మామూలు ట్యూబ్ రకం అదే సైజులో 235 అటూ ఇటూ. జతకు 230-270 తగ్గినట్టే. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబులు తీసేసి టీపీయూ (పల్చటి ప్లాస్టిక్) ట్యూబులు వేస్తే జతకు ఇంకో 150 పైన. ఇక్కడికే 900 గ్రాములు అయిపోయింది, బైక్ మీద ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు.

క్యాసెట్ (వెనక గేర్ల పళ్ల చక్రాల కట్ట) మార్చమని ఎవరైనా చెప్తారు, తొందరపడకు. 105 11-28కీ దాని పై మోడల్ అల్టెగ్రా 11-28కీ తేడా 33 గ్రాములే. ఉన్నది అరిగాక మార్చుకునేటప్పుడు ఆలోచించు.

పాతస్టీలు
అసలు కారణం ఎవరూ చెప్పడం లేదు. డిస్క్ బ్రేకులే బరువు. ఒకే మోడల్ రిమ్ రకం, డిస్క్ రకం పక్కపక్కన పెడితే 300 నుంచి 500 గ్రాముల తేడా ఉంటుంది. రోటర్లు, క్యాలిపర్లు (బ్రేకు ప్యాడ్లని రోటర్ మీదకి నొక్కే భాగాలు), హైడ్రాలిక్ లివర్లు, వాటిని మోయడానికి గట్టి చేసిన ఫోర్క్. రేసర్ పొగాచర్ 2020 టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది చాలావరకు రిమ్ బ్రేకుల మీదే కదా. కొండలెక్కడమే పనైతే రిమ్ బ్రేక్ బైక్ కొనుక్కోవడం మేలు.

రోటర్_160
@పాతస్టీలు మొదటి పోస్ట్ మళ్లీ చదవండి, బైక్ మార్చనన్నాడు. డిస్క్ బరువు ఎక్కువే, కాదనను. కానీ బ్రేకు రిమ్ మీద పడదు కాబట్టి రిమ్‌కి బ్రేక్ ట్రాక్ అక్కర్లేదు, దాన్ని పల్చగా చెయ్యొచ్చు. వేడి రిమ్‌కి చేరదు కాబట్టి కార్బన్ రిమ్, టీపీయూ ట్యూబ్ ధైర్యంగా వాడొచ్చు. పొడుగాటి దిగుడులో రిమ్ బ్రేకులతో కార్బన్ రిమ్ కాలిపోతుందని టెన్షన్ పడే వాళ్లం, ఆ గోల డిస్క్‌తో పోయింది. పోగొట్టుకున్న బరువులో కొంత అక్కడే తిరిగొస్తుంది.

పాతస్టీలు
ఆ మాట ఒప్పుకుంటా. వానలో ఆగడం కూడా డిస్క్‌తో నయమే. కానీ బరువు గురించి అడిగాడు కాబట్టి బరువు గురించి చెప్పాను.

వాట్స్_వాణి
లెక్క వేసి చూద్దాం, ఆశ ఎంత పెట్టుకోవాలో తెలుస్తుంది.

మనిషి, బైక్, నీళ్లు, బట్టలు అన్నీ కలిపి 80 కిలోలు అనుకోండి. 8 శాతం వాలు, నిలకడగా 200 వాట్లు. 1000 మీటర్ల ఎత్తు ఎక్కడానికి గంటా పది నిమిషాలు పడుతుంది. ఒక కిలోని 1000 మీటర్లు పైకి మోయడానికి కావాల్సిన శక్తి 9,810 జౌళ్లు. దాన్ని 200తో భాగిస్తే 49 సెకన్లు. కిలో తగ్గిస్తే మీకు మిగిలేది అదే, గంటా పది నిమిషాల్లో 49 సెకన్లు.

చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అదే కిలో వల్ల మిగిలేది ఒక వాట్‌లో మూడో వంతు.

ఇప్పుడు టైర్ల సంగతి. చవక వైరు టైరుకీ మంచి రేసు టైరుకీ రోలర్ మీద కొలిచినప్పుడు గంటకు 30 దగ్గర జతకు 10 వాట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తేడా వస్తుంది. ఎక్కుడులో వేగం 11కి పడిపోతుంది కాబట్టి ఆ తేడా కూడా మూడున్నర వాట్లకు దిగుతుంది. అయినా 200లో మూడున్నర అంటే 1.8 శాతం, ఆ గంటా పది నిమిషాల్లో నిమిషం పైనే. మంచి టైరు మీకు కిలో బరువు కన్నా ఎక్కువ ఇస్తోంది, పైగా చదునులో కూడా ఇస్తుంది. టైరు కొనేటప్పుడు గ్రాములు చూడకండి, ఎంత తేలిగ్గా దొర్లుతుందో చూడండి.

సాయంత్రం_సవారీ
వాణి గారి పోస్ట్ చూశాక మా ఆయన కార్బన్ వీల్స్ ఆర్డర్ రద్దు చేసి టైర్లు తెప్పించాడు. ఇంట్లో శాంతి నెలకొంది.

గ్రాములరాజు
వాణి గారి లెక్క నిలకడగా ఎక్కేటప్పుడు సరే. కానీ చక్రం బరువుకీ ఫ్రేమ్ బరువుకీ తేడా ఉంది. తిరిగే బరువు రెండింతలు కింద లెక్క. మలుపు తర్వాత లేచి తొక్కితే తేలిక వీల్ వెంటనే అందుకుంటుంది, అది అనుభవం మీద తెలుస్తుంది.

వాట్స్_వాణి
రెండింతలు అనేది వేగం పెంచేటప్పుడు మాత్రమే. అదీ రిమ్, టైరు, ట్యూబుల దగ్గరి బరువుకే, హబ్‌కి (చక్రం నడిమి భాగానికి) కాదు. ఒకే వేగంతో ఎక్కుతుంటే రిమ్‌లో గ్రామూ సీట్‌పోస్ట్‌లో గ్రామూ ఒకటే. రిమ్ అంచున 400 గ్రాములు ఉన్నాయనుకోండి, గంటకు 30 వేగం అందుకోవడానికి దానికి పట్టే శక్తి 28 జౌళ్లు. మీకూ బైక్‌కీ కలిపి 2,800 దాకా కావాలి. నూటికి ఒకటి. ఆ ఒకటి మీ కాలికి తెలుస్తోందంటే నేను కాదనను, గడియారానికి మాత్రం పెద్దగా తెలియదు.

గ్రాములరాజు
గడియారం కోసమే తొక్కం కదండీ. బైక్ చురుగ్గా కదిలితే మనసుకి ఉత్సాహం, ఉత్సాహం ఉంటే ఇంకో కొండ ఎక్కుతాం.

వాట్స్_వాణి
ఆ మాటకి నా దగ్గర లెక్క లేదు :)

మెకానిక్_మామ
అందరూ చక్రాల దగ్గరే ఉన్నారు. పిల్లాడు రోటర్ల గురించి అడిగాడు, అది ముఖ్యమైన ప్రశ్న.

బాబూ, 160 తీసి 140 వేస్తే ఒక్కో రోటర్‌కి 20 గ్రాములు అటూ ఇటూ తగ్గుతాయి. ఆ 20 గ్రాములకి నువ్వు వదులుకునేది చూడు. 80 కిలోల బరువు 1000 మీటర్ల దిగుడు దిగితే 7,85,000 జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. కొంత గాలి లాక్కుంటుంది, మిగతాదంతా బ్రేకుల్లో వేడి అవుతుంది. మెలికలు ఎక్కువై నెమ్మదిగా దిగాల్సి వస్తే గాలి లాక్కునేది తక్కువ, బ్రేకుల మీద పడేది ఎక్కువ. ఆ వేడిని పట్టి వదిలేది రోటర్ లోహమే. లోహం తగ్గితే అది తొందరగా కాగుతుంది. నా బల్ల మీదకి వచ్చే రోటర్లలో కొన్ని పసుపు రంగు దాటి నీలానికి తిరిగి ఉంటాయి, వేలితో తిప్పితే ఒక్క చోట ప్యాడ్‌కి తగిలి 'చిక్ చిక్' మంటూ ఉంటాయి. వేడికి వంకర పోయినవన్నమాట. ముందు చక్రం పెద్ద రోటర్ తియ్యకు. వెనకాల 140 పెట్టుకుంటానంటే, నీ బరువు తక్కువైతే, పెట్టుకో. అయితే ఫ్రేమ్‌కి 140 కూర్చుంటుందో లేదో ముందు చూసుకో. కొన్ని ఫ్రేములు 160కే చేసి ఉంటాయి.

నిండా చిల్లుల రోటర్లు, ముఖ్యంగా అంతా అల్యూమినియంతో చేసినవి, రోడ్డు బైక్‌కి నేను వెయ్యను. అల్యూమినియం వేడికి మెత్తబడుతుంది. షిమానో వాళ్లు కూడా అల్యూమినియం వాడతారు కానీ అది మధ్యలో పొరగా, రెండు వైపులా స్టీలు ఉంటుంది. ప్యాడ్ తాకేది స్టీలునే. బరువు తగ్గిన రోటరే కావాలంటే ఆ రకంలో పై మోడల్ తీసుకో, 160 సైజులోనే జతకు 40-50 గ్రాములు తగ్గుతాయి, ఆగడంలో ఏమీ తగ్గదు, ఇంకా మెరుగవుతుంది.

ఇంకో మాట. రోటర్ కొత్తప్పుడు 1.8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 1.5కి వచ్చిందంటే తీసెయ్యాలి, షిమానో దాని మీదే ముద్రించి ఉంచుతుంది. కొత్త రోటర్ వేసినప్పుడు ప్యాడ్లు కూడా కొత్తవి వేసి, ఓ మాదిరి వేగం నుంచి నెమ్మదిగా ఆపుతూ కుదురుకోనివ్వు. ఒక్కసారిగా నొక్కి చక్రం బిగించేయకు.

దిగుడు_భయం
మామ చెప్పింది నిజం. నా బరువు 90 పైన, వెనకాల 140 ఉన్న బైక్ కొన్నాళ్లు నడిపాను. పొడుగాటి దిగుడు చివర్లో లివర్ నొక్కితే పట్టు సన్నగిల్లుతున్నట్టు తెలిసేది. 160 వేయించాక ఆ గుబులు లేదు.

తేలిక_తిరుపతి
నేను 58 కిలోలు, రెండు వైపులా 140. ఎప్పుడూ ఏమీ కాలేదు. అందరికీ ఒకే నియమం పెట్టకండి.

మెకానిక్_మామ
58 కిలోలకి సరే. అతను తన బరువు చెప్పలేదు, అందుకే జాగ్రత్త చెప్పాను.

ఎక్కుడుదారి
నేను 74. రోటర్ల ఆలోచన మానేశాను మామా. టైటానియం బోల్టులు?

మెకానిక్_మామ
బాటిల్ కేజ్ బోల్టులకి వేసుకో, ఇబ్బంది లేదు. హ్యాండిల్‌ని పట్టే స్టెమ్‌కి, బ్రేక్ క్యాలిపర్‌కి ఊరూ పేరూ లేని టైటానియం బోల్టులు వద్దు. క్యాలిపర్ బోల్టు పొడుగు ఫ్రేమ్ మందాన్ని బట్టి ఉంటుంది, కొంచెం పొట్టిదైనా మర పూర్తిగా పట్టదు. అన్నీ మార్చినా దక్కేది గుప్పెడు గ్రాములు.

చైన్‌లూబ్
టీపీయూ ట్యూబ్ గురించి ఎవరైనా వివరంగా చెప్పండి. నేను రెండు తెచ్చి దాచుకున్నాను, వేయడానికి ధైర్యం చాలడం లేదు. అరచేతిలో పెట్టుకుంటే చాక్లెట్ కాగితంలా ఉంది.

రోటర్_160
ధైర్యంగా వెయ్యి. బరువు 25 నుంచి 45 గ్రాముల మధ్య ఉంటుంది రకాన్ని బట్టి. జాగ్రత్తలు ఉన్నాయి:

టైరు బయట ఉన్నప్పుడు గాలి కొట్టొద్దు, ఆకారం తెలిసేంత కొద్దిగా నింపితే చాలు. రబ్బరులా వెనక్కి రాదు, సాగితే సాగినట్టే ఉండిపోతుంది. సైజు చూసుకో, 28 టైరుకి 28 పట్టే ట్యూబే వెయ్యి. టైరు ఎక్కించేటప్పుడు ఇనుప లివర్ వాడొద్దు, చివర్లో బొటనవేళ్లతో నెట్టు. ట్యూబు అంచు కింద ఇరుక్కుందేమో రెండు వైపులా టైరు వంచి చుట్టూ చూసుకుని అప్పుడు పంపు పెట్టు. రిమ్ టేపు ఎక్కడైనా జరిగి స్పోక్ రంధ్రం కనపడుతుంటే ముందు అది సరిచెయ్యి.

రిమ్ బ్రేక్ బైకులకి కొన్ని రకాల టీపీయూ వద్దని తయారీదారులే చెప్తారు, వేడి వల్ల. మనకా బాధ లేదు.

సాయంత్రం_సవారీ
నాకు మాత్రం టీపీయూ కలిసి రాలేదు. ప్లాస్టిక్ వాల్వు, దాని మొదట్లో అతుకు దగ్గర గాలి కారింది. పంపు తల బలంగా లాగితే ఆ అతుకు మీద ఒత్తిడి పడుతుంది. ఇప్పుడు లోహపు వాల్వు ఉన్న రకం వాడుతున్నాను, బాగుంది. కానీ సీటు సంచిలో మాత్రం మామూలు బ్యూటైల్ ట్యూబ్ ఒకటి ఉండాల్సిందే.

రోటర్_160
నేను సంచిలో కూడా టీపీయూనే పెడతాను, అగ్గిపెట్టె అంత చోటు చాలు. మామూలు ప్యాచ్ దానికి అంటదు, టీపీయూ కోసం చేసిన ప్యాచ్‌లు విడిగా తీసుకోవాలి.

తేలిక_తిరుపతి
ఇంత గొడవ ఎందుకు, ట్యూబ్‌లెస్ చేసేస్తే ట్యూబే ఉండదు, బరువే ఉండదు.

గ్రాములరాజు
బరువు ఉంటుంది తిరుపతీ. ట్యూబ్‌లెస్ టైరు మందంగా ఉంటుంది, జీపీ 5000 ట్యూబ్‌లెస్ రకం 28లో 280 గ్రాములు, మామూలు దాని కన్నా 45 ఎక్కువ. పైన 30-40 మిల్లీలీటర్ల సీలెంట్ (పంచర్ పూడ్చే ద్రవం), వాల్వు. అన్నీ కలిపితే టైరూ టీపీయూ ట్యూబూ జత కన్నా చక్రానికి 40-50 గ్రాములు ఎక్కువే తేలుతుంది. ట్యూబ్‌లెస్ మంచిదే, పంచర్లు తగ్గుతాయి, గాలి తక్కువ పెట్టి హాయిగా తొక్కొచ్చు. బరువు కోసం మాత్రం కాదు.

తేలిక_తిరుపతి
సరే, ముళ్లూ గాజు పెంకులూ ఉన్న దారుల్లో తిరిగే వాళ్లు ఆ 50 గ్రాములు మోయడమే మంచిది. దారి పక్కన ఎండలో కూర్చుని ట్యూబు మార్చే టైములో వాణి గారి 49 సెకన్లు ఎన్ని పోతాయో.

వాట్స్_వాణి
నిజమే. పంచర్ పడే దారి అయితే నేనూ తిరుపతి గారి పక్షమే.

మెకానిక్_మామ
కార్బన్ వీల్స్ కొనే ముందు హుక్ సంగతి చూసుకోండి. ఈ మధ్య కొన్ని కార్బన్ రిమ్‌లకి లోపలి అంచున టైరుని పట్టే హుక్ ఉండదు, గోడ తిన్నగా ఉంటుంది. అలాంటి వాటికి ట్యూబ్‌లెస్ టైరే వెయ్యాలి, అదీ హుక్‌లెస్‌కి పనికొస్తుందని టైరు మీద రాసి ఉన్నదే. లోపల ట్యూబ్ పెట్టుకున్నా టైరు మాత్రం ఆ రకమే కావాలి. గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు. 74 కిలోల మనిషి 28 టైరుకి అంత గాలి అక్కర్లేదు కాబట్టి ఆ పరిమితి ఇబ్బంది కాదు. కానీ మామూలు జీపీ 5000 తీసుకొచ్చి హుక్‌లెస్ రిమ్‌కి వేస్తే టైరు ఊడొచ్చే ప్రమాదం ఉంది. ఇది సరదా విషయం కాదు. గ్రాములరాజు చెప్పిన టైరే కావాలంటే హుక్ ఉన్న రిమ్ చూసుకో బాబూ.

ఇరుసు కూడా కొలుచుకో. ముందు 12x100, వెనక 12x142 ఉంటుంది చాలా వాటికి, కొన్ని పాత డిస్క్ ఫ్రేములకి ముందు 15 ఉండేది. రోటర్ సెంటర్‌లాకా (మధ్యలో ఒకే రింగుతో బిగించేది), ఆరు బోల్టులదా అన్నది చూడు. సెంటర్‌లాక్ అయితే లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లు బిగించాలి, చేతి అంచనాతో ఆపేయకు. హబ్ బాడీ (క్యాసెట్ ఎక్కే భాగం) షిమానో 11 స్పీడ్ రకం తీసుకుంటే రేపు 105 12 స్పీడ్‌కి మారినా ఆ క్యాసెట్ దాని మీదే ఎక్కుతుంది.

ఎక్కుడుదారి
ఇవన్నీ చూసుకోవాలని నాకు తెలియదు మామా, రాసి పెట్టుకున్నాను. సీట్‌పోస్ట్, సీటు?

రోటర్_160
సీటు మీద ఇంకో 100-130 గ్రాములు వస్తాయి, కంపెనీ సీట్లు 300 పైనే ఉంటాయి. కార్బన్ రైలు సీటు కొంటే రైలు 7x9 కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. నీ సీట్‌పోస్ట్ క్లాంప్ 7 మిల్లీమీటర్ల గుండ్రటి రైలుకి చేసింది అయితే పట్టదు, బలవంతంగా బిగిస్తే కార్బన్ చిట్లుతుంది. పోస్ట్, సీటు రెండూ మార్చేలా ఉంటే ఒకదానికి ఒకటి కుదిరేలా చూసి కొనాలి. ముందు కూర్చుని చూడు. 150 గ్రాముల సీటు మీద రెండు గంటలు కూర్చోలేకపోతే దాని తేలికతనం ఎవరికి కావాలి?

పాతస్టీలు
ఎవరో ఒకరు అనాల్సిన మాట నేనే అంటాను. రెండు కిలోలు ఒళ్లు తగ్గితే ఇవన్నీ అక్కర్లేదు.

దిగుడు_భయం
ప్రతి థ్రెడ్‌లోనూ ఈ మాట ఎవరో ఒకరు అంటారు. అతను 74 కిలోలు, ఎత్తు ఎంతో మనకి తెలియదు. బైక్ గురించి అడిగాడు, బైక్ గురించే చెప్దాం. పైగా నచ్చిన వస్తువుని మెరుగు చేసుకోవడంలో ఒక ఆనందం ఉంది, దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు.

వాట్స్_వాణి
ఖర్చు లేకుండా తగ్గేది ఒకటి ఉంది. 750 మిల్లీలీటర్ల బాటిల్ నిండుగా ఉంటే నీళ్లే ముప్పావు కిలో. కొండ మీద నీళ్లు దొరుకుతాయని తెలిస్తే రెండు బాటిళ్లు నింపుకుని ఎక్కక్కర్లేదు. దొరకవంటే మాత్రం మోసుకెళ్లండి, నీళ్ల దగ్గర పొదుపు వద్దు.

చైన్‌లూబ్
రేసుల వాళ్లకి 6.8 కిలోల కన్నా తగ్గకూడదని నియమం ఉంది కదా, మనకీ ఉందా?

గ్రాములరాజు
అది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ వాళ్లది, 2000 నుంచి ఉంది, వాళ్ల రేసులకే. మనం ఎంతైనా తగ్గించుకోవచ్చు. డిస్క్ బ్రేకుల్ని రోడ్ రేసుల్లో పూర్తిగా ఒప్పుకున్నది కూడా 2018లోనే, మధ్యలో 2016లో ప్రయోగాన్ని ఆపేశారు కూడా. ఇప్పుడు పెద్ద జట్ల డిస్క్ బైకులే ఆ 6.8 చుట్టుపక్కల ఉంటున్నాయి. కాబట్టి @పాతస్టీలు గారూ, మా డిస్క్‌ని మరీ అంత తీసిపారేయకండి.

పాతస్టీలు
ఆ బైక్ ధర కూడా పక్కన రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఎక్కుడుదారి
నిన్న ముందు చక్రం విప్పి తూచాను. టైరు 372 గ్రాములు, ట్యూబు 128. టైరు అంచు పట్టుకుంటే లోపల ఇనుప వైరు చేతికి తగులుతోంది. ఒక్క చక్రం మీదే అర కిలో రబ్బరు మోస్తున్నానన్నమాట. టైర్లు, టీపీయూ ట్యూబులు తెప్పించి వేసుకుంటాను. హుక్ ఉన్న కార్బన్ వీల్‌సెట్, 1480 గ్రాములది, ఒక మిత్రుడి దగ్గర ఉంది. వారం వాడి చూడమన్నాడు. దానికి రోటర్లు కూడా ఉన్నాయి.

గ్రాములరాజు
మంచి పని. టైర్లు వేశాక పాత వీల్స్‌తోనే ఒకసారి ఎక్కు, తర్వాత కార్బన్‌తో ఎక్కు. ఏది ఎంత ఇచ్చిందో నీకే తెలుస్తుంది.

ఎక్కుడుదారి
టైర్లు, ట్యూబుల తేడా మొదటి మలుపులోనే తెలిసింది, రోడ్డు మీద గరుకు సగం తగ్గినట్టుంది. వాణి గారికి థాంక్స్. ఇవాళ మిత్రుడి వీల్స్ పెట్టాను, అవే టైర్లు వాటికి మార్చాను. తూకం 8.7. కానీ వెనక రోటర్ ప్యాడ్‌కి రాసుకుంటోంది, 'సర్ సర్' మని ఆగకుండా. నా పాత వీల్ పెడితే రావడం లేదు. రోటర్ వంకరా?

మెకానిక్_మామ
ఆగకుండా ఒకేలా రాస్తుంటే వంకర కాదు. వంకరైతే చుట్టుకి ఒక్కసారే తగులుతుంది. హబ్ మారితే రోటర్ కూర్చునే చోటు వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది, అంతే. ముందు ఇరుసు తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి బిగించు. అప్పటికీ పోకపోతే క్యాలిపర్ రెండు బోల్టులూ కదిలేంత వదులు చెయ్యి, వెనక బ్రేక్ లివర్ గట్టిగా నొక్కి పట్టుకో, పట్టుకునే ఉండి బోల్టులు కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించు. లివర్ వదిలి చక్రం తిప్పి, క్యాలిపర్ వెనకాల తెల్ల కాగితం పెట్టి చూడు. రోటర్‌కి రెండు పక్కలా సన్నటి తెలుపు గీత కనపడాలి. ఒక పక్క కనపడకపోతే ఆ వైపుకి క్యాలిపర్‌ని వేలితో కాస్త నెట్టి బిగించు.

రోటర్_160
మిత్రుడి రోటర్ ఏ ప్యాడ్‌లతో వాడాడో కూడా అడుగు. ఆయనది మెటల్, నీది రెసిన్ అయితే కుదురుకునే దాకా కాస్త అరుస్తుంది. కొన్ని రోటర్ల మీద రెసిన్ ప్యాడ్లే వాడాలని రాసి ఉంటుంది, అదీ చూసుకో.

ఎక్కుడుదారి
కాగితం పెట్టి చూశా, ఎడమ పక్క గీత అస్సలు లేదు. నెట్టి బిగించాక చప్పుడు పోయింది. ప్యాడ్లు ఇద్దరివీ రెసినే. ఆదివారం ఆ రిమ్ బ్రేక్ ఆయనతో వెళ్తున్నాను.

చైన్‌లూబ్
బాటిల్ ఒక్కటే నింపుకో.